అరణి, గంధం, గీటురాయి

ఒక వస్తువును మరొక వస్తువుతో రాచే పనికి తెలుగులో ఎన్ని మాటలున్నవో లెక్కించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒంటిని రుద్దుతారు. పాత్రను తోముతారు. తల అంటుతారు. కన్ను నులుముతారు. కంకిని నలుపుతారు. గంధపుచెక్కను అరగదీస్తారు. మందును నూరుతారు. పాదాలకు పసుపు రాస్తారు. బంగారాన్ని ఒరసి చూస్తారు. వీటిలో ఏ మాటను తీసి మరొకదాని స్థానంలో పెట్టినా వాక్యం చెడుతుంది. బంగారాన్ని తోమేవాడు వేరు, ఒరసేవాడు వేరు. తోమేవానికి కావలసినది మెరుపు. ఒరసేవానికి కావలసినది నిజం.

జాతీయాలలోనూ ఈ రాపిడి అడుగడుగునా వినబడుతుంది. పగబట్టినవాడు పళ్ళు నూరుతాడు. అదను కోసం పొంచియున్నవాడు కత్తులు నూరుతాడు. మొహమాటపడేవాడు చేతులు నలుపుకుంటాడు. పని కావలసినవాడు కాళ్ళరిగేటట్లు తిరుగుతాడు. చనువు ముదిరినవారు రాసుకుపూసుకు తిరుగుతారు. హింసించేవాడు రాచిరంపాన పెడతాడు. చివరకు తిన్న అన్నం కూడా తెలుగువాని కడుపులో 'అరుగుతుంది'. చెలిమికీ, పగకూ, శ్రమకూ, హింసకూ, ఆరోగ్యానికీ ఒకే క్రియను ఆధారంగా చేసుకొన్న ఈ జాతి ఆ క్రియను గురించి లోతుగా ఆలోచించే ఉండాలి.

ఆ ఆలోచన ఏమిటో పురాణగాథలలో, సామెతలలో, ఇంటి ఆచారాలలో వెదకవచ్చును. వెదికినచోటనెల్ల ఒకే భావం ఎదురవుతుంది. రాపిడి క్రొత్తగా దేనినీ పుట్టించదు. లోపల దాగియున్నదానిని బయటికి తెస్తుంది. ఐతే బయటపడేది వెలుగా, దావాగ్నియా అన్నది రాచేవాని చేతి నేర్పుపై ఆధారపడి ఉంటుంది. ఈ రెండవ మాటను మరచినచోట మొదటి మాట ప్రమాదకరమవుతుంది. బడిలో పాఠం చెప్పేవారికీ, నేర్చుకొనేవారికీ ఈ వివేకం మిక్కిలి అవసరం.

అక్షరం సంగతే చూడండి. 'వ్రాయు', 'రాయు' అనేవి రెండు వేరు వేరు క్రియలు. మొదటిది అక్షరాలకు సంబంధించినది. రెండవది ఒరసుకొనడానికి సంబంధించినది. వాడుకలో మొదటిదాని వకారం జారిపోయి రెండూ ఒకే రూపం దాల్చినవి. శబ్దశాస్త్రం వీటిని వేరు చేసినా, తాళపత్రం మాత్రం కలిపింది. గంటంతో తాటాకుపై గీచిన అక్షరానికి రంగు ఉండదు. అది సన్నని గాటు మాత్రమే. ఆకు రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. దీపపు మసినో, బొగ్గుపొడినో నూనెతో కలిపి ఆకుమీద రుద్ది, పైపూతను తుడిచివేస్తే, గాట్లలో నిలిచిన మసితో అక్షరాలు నల్లగా తేలుతవి. వ్రాసినది రాస్తేనే కనబడింది. ఆంధ్రమహాభారతం మొదలుకొని మన ప్రాచీనకావ్యాలన్నీ అచ్చుయంత్రం రాకపూర్వం ఈ రాపిడివల్లనే చదువరి కంటికి అందినవి.

ఈ భావానికి మూలకందం వేదకాలపు అరణి. యజ్ఞానికి కావలసిన అగ్నిని ఎక్కడినుండో అడిగి తెచ్చుకొనరు. కొయ్యనుండి మథించి తీస్తారు. క్రింద ఒక చెక్క పరచి ఉంటుంది. అది అధరారణి. దానిలో చిన్న గుంట ఉంటుంది. పై అరణినుండి తీసిన ముక్కను అడుగున బిగించిన దండాన్ని ఆ గుంటలో నిలుపుతారు. ఒకరు దండాన్ని పైనుండి అదిమి పట్టుకొంటే, మరొకరు దానికి చుట్టిన త్రాటిని కవ్వపుత్రాటివలె ఇటునటు లాగుతారు. కొంతసేపటికి గుంట అంచున నల్లని పొడి రాలుతుంది, పొగ లేస్తుంది, ఆ పొడిలో ఎఱ్ఱని నలుసు మెరుస్తుంది. కేరళలోని పాంజాళ్ గ్రామంలో 1975లో పన్నెండు రోజులపాటు జరిగిన అగ్నిచయనంలో కూడా అగ్నిని ఈ విధంగానే మథించారు.

ఋగ్వేదం మూడవ మండలంలోని ఇరవైతొమ్మిదవ సూక్తం ఈ మథనాన్నే వర్ణిస్తుంది. మథించే చేతుల పది వ్రేళ్ళను అగ్నిని కన్న పదిమంది యువతులుగా ఋషులు భావించారు. అగ్నికి 'బలానికి పుత్రుడు' అని పేరు పెట్టారు. కొయ్యలో అగ్ని ఉన్నంతమాత్రాన చాలదు, బలం పెట్టి మథించేవాడు కావాలి అన్న సత్యం ఆ పేరులో ఇమిడి ఉన్నది.

అరణికి శ్రేష్ఠమైన కొయ్య జమ్మిచెట్టుమీద మొలచిన రావి అని సంప్రదాయం. దీనికొక కథ శతపథబ్రాహ్మణంలో ఉన్నది. ఊర్వశిని కోల్పోయిన పురూరవునికి గంధర్వులు ఒక పాత్రలో అగ్నిని ఇచ్చారు. అతడు దానిని అడవిలో ఉంచి, కుమారునితో ఊరికి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి అగ్ని మాయమైంది. అగ్ని ఉన్నచోట రావిచెట్టు, పాత్ర ఉన్నచోట జమ్మిచెట్టు నిలిచి ఉన్నవి. పోయిన అగ్ని ఎక్కడికీ పోలేదు, చెట్టులో దాగింది. దానిని మథించి తీసుకొనడం తరువాత అతనికి తెలిసింది. రఘువంశంలో కాళిదాసు గర్భవతియైన సుదక్షిణను లోపల అగ్ని దాచుకొన్న జమ్మితో పోల్చడం ఈ నమ్మకంవల్లనే. పాండవులు ఆయుధాలను దాచినదీ ఈ చెట్టుమీదనే. దసరానాడు తెలంగాణలో జమ్మి ఆకును 'బంగారం' అని చేతిలో పెట్టి పెద్దలకు నమస్కరిస్తారు. ఈ చెట్టు పేరు వినబడితే చాలు, దాగియున్న విలువను గురించిన మాటే గుర్తుకు వస్తుంది.

ఉపనిషత్తులు ఈ అరణిని మనిషి లోపలికి తీసుకొనిపోయినవి. తన దేహమే క్రింది అరణి, ప్రణవమే పై అరణి, ధ్యానమే మథనం, దాగియున్న దైవమే అగ్ని అని శ్వేతాశ్వతరోపనిషత్తు భావం. నువ్వులలో నూనె, పెరుగులో నెయ్యి ఎట్లా ఉన్నవో అరణిలో అగ్ని అట్లా ఉన్నదని ఆ ఉపనిషత్తే మరుసటి మాటగా చెబుతుంది. గానుగ, కవ్వం, అరణి మూడూ పల్లెవాసికి తెలిసిన పనిముట్లే. తెలిసిన పనినుండి తెలియని తత్త్వాన్ని బోధించే ఉపాధ్యాయుని నేర్పు ఇక్కడ కనిపిస్తుంది.

అరణితో ముడిపడిన మరి రెండు కథలు విద్యార్థులు గుర్తుంచుకొనదగినవి. వ్యాసమహర్షి అరణిని మథిస్తూ ఉండగా పుట్టినవాడు శుకుడు. అందుచేతనే అతనికి ఆరణేయుడని పేరు. జ్ఞానియైన కుమారుడు మథనంనుండి పుట్టడం కేవలం చమత్కారం కాదు. రెండవది యక్షప్రశ్నల కథ. దాని మొదలు చాలామంది మరచిపోతారు. ఒక బ్రాహ్మణుడు తన అరణిని చెట్టుకు తగిలించి ఉంచాడు. ఒక లేడి వచ్చి ఆ చెట్టుకు ఒంటిని రాచుకొన్నది. అరణి దాని కొమ్ములకు చిక్కుకొన్నది, లేడి పరుగెత్తింది. దానిని వెంబడించి అలసిన పాండవులు దప్పికతో కొలను చేరారు; తమ్ములు నలుగురు పడిపోయారు; ధర్మరాజు యక్షుని ప్రశ్నలకు సమాధానాలు చెప్పాడు. తెలుగులో ఈ ఘట్టాన్ని అరణ్యపర్వశేషంలో ఎఱ్ఱాప్రగడ రచించాడు. ధర్మసూక్ష్మాలన్నీ బయటపడిన ఆ సంవాదానికి కారణం ఒక మూగజీవి దురదతో చెట్టుకు ఒరసుకొనడం. మథనానికి సంకల్పం ఉన్నా లేకపోయినా ఫలితం ఉంటుందని కథకుడు చల్లగా సూచించాడు.

కొయ్యను మథించినట్లే పురాణాలలో మానవదేహాలను కూడా మథించారు. నిమి మరణించినప్పుడు వారసుడు లేడని ఋషులు అతని దేహాన్ని మథిస్తే జనకుల వంశకర్త పుట్టాడు. మథనంవల్ల పుట్టినవాడు కాబట్టి మిథి. అతడు కట్టిన నగరం మిథిల. దుష్టుడైన వేనుని తొడను మథిస్తే నిషాదుడు, చేతిని మథిస్తే పృథుచక్రవర్తి పుట్టారు. ఇందులో అడవిజనులను చిన్నచూపు చూచినది ఆనాటి పురాణకర్తల దృష్టి. దానిని నేటివారు తలకెత్తుకొనవలసిన పని లేదు. గ్రహింపవలసినది వేరే ఉన్నది. ప్రజలు విసిగి చంపుకొన్న రాజు దేహంలో కూడా, భూమికి 'పృథివి' అన్న పేరు తెచ్చిన ధర్మప్రభువు దాగి ఉన్నాడు. ఎవరినీ ఉత్త కట్టె అని పారవేయరాదన్నది ఆ కథ చెప్పే నీతి.

మథనాలన్నిటిలో పెద్దది క్షీరసాగరమథనం. దానిని అమృతం కథగానే చెప్పుకోవడం వాడుక. మహాభారతం ఆదిపర్వంలో రాపిడికి సంబంధించిన ఒక విశేషమున్నది. మందరపర్వతం గిరగిర తిరుగుతుంటే శిఖరంమీది మహావృక్షాలు ఒకదానితో ఒకటి ఒరసుకొని పక్షులతో సహా కూలినవి. ఆ ఒరపిడికి మంటలు లేచి ఏనుగులను, సింహాలను దహించినవి. ఇంద్రుడు వాన కురిపించి ఆ మంట నార్పవలసి వచ్చింది. ఆపైన ఆ చెట్ల జిగురులు, ఓషధుల రసాలు కడలిలోకి ప్రవహించినవి. ఆ రసాలే అమృతత్వానికి కారణమైనవని కవి చెప్పాడు. భాగవతంలో ఇదే మథనానికి మరొక వైపు కనిపిస్తుంది. అడుగున ఉన్న కూర్మమూర్తికి కొండ తిరుగుడు వీపు గోకినట్లు హాయిగా ఉన్నదట. ఒకే కొండ, ఒకే రాపిడి. పైనున్న చెట్లకు అది ప్రళయం, క్రిందనున్న తాబేటికి సుఖం. భరించగల వీపు ఉన్నచోట రాపిడి బాధ కాదన్నమాట. పైగా, మథనంలో అమృతం కన్న ముందు విషం వచ్చింది. విషం రాగానే త్రాడు వదలిపెట్టినవారికి అమృతం దక్కేది కాదు. విషాన్ని మ్రింగగలిగినవాడు లేకపోయినా దక్కేది కాదు.

ఈ మహాకథలనుండి ఇంటిలోకి వస్తే అక్కడ నలుగుపిండి కనిపిస్తుంది. పెసరపిండో, శనగపిండో పసుపుతో, నూనెతో కలిపి ఒంటికి రుద్దే ఈ ఆచారం పండుగనాటి తలంట్లలోనూ, పెండ్లింటిలోనూ నేటికీ ఉన్నది. పెండ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు పాడే పాటలు తెలుగులో ఒక ప్రత్యేకశాఖగా పెరిగినవి. పార్వతీదేవి తన ఒంటి నలుగుపిండితో బొమ్మను చేసి ప్రాణం పోసి వాకిట కావలి ఉంచిందనీ, అతడే వినాయకుడనీ ప్రతి భాద్రపద శుద్ధ చవితినాడు ఇంటింటా కథ చెప్పుకొంటారు. ఒంటినుండి రాలిన మట్టిని పారవేయక, దానినుండి విఘ్నాధిపతిని కల్పించుకొన్న ఊహ సామాన్యమైనది కాదు. తల్లి చేతి రాపిడిలో బిడ్డకు రూపం ఏర్పడుతుందని తెలిసినవారు కల్పించిన కథ అది.

గంధం సంగతి అందరికీ తెలిసినదే. చందనపుకట్టెలో పరిమళం పైబెరడులో ఉండదు. చేవలోని తైలంలో ఉంటుంది. సానమీద నీటిచుక్క వేసి అరగదీస్తే ఆ తైలం విడుదలవుతుంది. ఎన్నిసార్లు అరగదీసినా చందనం తన వాసనను వదలుకొనదని సంస్కృతనీతికారులు సజ్జనుని స్వభావానికి దానిని ఉపమానంగా చెప్పారు. ఆ మాటను తిరగవేసి నవ్వించినది తెలుగు సామెత: గాడిదకేం తెలుసు గంధపుచెక్క వాసన! చెక్కను మోసినంతమాత్రాన వాసన తెలియదు; అరగదీసినవానికే తెలుస్తుంది. పుస్తకాలు మోసేవారందరికీ ఈ సామెత తగులుతుంది.

సింహాచలంలో ఈ గంధానికి మరొక అర్థం వచ్చింది. అక్కడి వరాహలక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడుగునా చందనపు పూత లోపలనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయతృతీయనాడు మాత్రం ఆ పూతను ఒలిచి నిజరూపదర్శనం కలిగిస్తారు. ఆనాటినుండి మరల మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలుగా, అక్షయతృతీయనాడూ, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలనాడూ చందనం సమర్పిస్తారు. అందుకోసం సేవకులు రోజులతరబడి సానలమీద చెక్కలను చేతులతో అరగదీస్తారు. ఉగ్రమూర్తిని చల్లబరచడానికి పరిమళం కావాలి. పరిమళానికి ఎవరో ఒకరి చేతులు కాయలు కాయాలి. ఒలిచినప్పుడు కనబడే నిజరూపంవలెనే, పూత వెనుకనున్న ఆ చేతులు కూడా స్మరింపదగినవే.

ఇక ఇండుపగింజ. దీనినే చిల్లగింజ అంటారు, సంస్కృతంలో కతకం. బురదనీటిని కుండలో పోసి, ఆ కుండ లోపలి ప్రక్కను ఈ గింజతో కొంతసేపు రాచి వదలివేస్తే మట్టి అడుగుకు దిగి నీరు తేరుతుంది. గింజనుండి అరిగి నీటిలో కలిసిన పదార్థం సన్నని మట్టికణాలను ఒకచోటికి చేర్చి బరువెక్కించడమే దీనిలోని కిటుకు. మనుస్మృతి ఆరవ అధ్యాయంలో దీనిని గురించి ఒక చక్కని మాట ఉన్నది: కతకఫలం నీటిని తేర్చేదే ఐనా, దాని పేరు పలికినంతమాత్రాన నీరు తేరదు. నామజపంతో పని జరగదు, గింజను చేతపట్టి రాచాలి. బురద తేరిన తరువాత గింజపొడి కూడా అడుగుననే చేరుతుంది. అజ్ఞానాన్ని తొలగించి తాను కూడా అణగిపోయే జ్ఞానానికి ఆత్మబోధ అనే గ్రంథం ఈ గింజనే ఉపమానం చేసింది.

ఇట్టి ఊహ ఈ దేశానికే పరిమితం కాదు. అల్లావుద్దీన్ దీపం కథ తెలియని విద్యార్థి ఉండడు. అలెప్పో నగరానికి చెందిన హన్నా దియాబ్ 1709లో చెప్పగా ఆంత్వాన్ గలాన్ విని, ఫ్రెంచి భాషలో తన అరేబియా కథల సంపుటాలలో చేర్చాడు. 1712లో అది అచ్చయింది. అందులో కూడా ఉంగరాన్ని మొదట ఎవరూ కావాలని రాచలేదు. గుహలో చిక్కుకొన్న బాలుడు ప్రార్థనకు చేతులు జోడిస్తే ఉంగరం ఒరసుకొన్నది, భూతం ప్రత్యక్షమైంది. దీపాన్ని రాచినది కుఱ్ఱవాని పేదతల్లి. అమ్ముకొంటే నాలుగు కాసులు ఎక్కువ వస్తవని మకిలి వదలగొట్టబోయింది. పాత సామాను అనుకొన్నదానిలో మహాశక్తి దాగి ఉండడం, తోమేదాకా అది తెలియకపోవడం ఇక్కడా ఉన్నవి.

దాగినదానిని బయటికి తేవడం ఒక పని. బయట ఉన్నదానిని పరీక్షించడం మరొక పని. దానికి పుట్టినది ఒరగల్లు. నల్లని, నున్నని ఈ రాతిమీద నగను ఒకసారి గీస్తే గీత పడుతుంది. దాని ప్రక్కన వన్నె తెలిసిన బంగారంతో మరొక గీత గీసి రెండింటి రంగును పోల్చి చూస్తారు. ఆమ్లం చుక్క వేసి కల్తీలోహం కరిగిపోవడం గమనిస్తారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సువర్ణాధ్యక్షుని ప్రకరణం ఈ నికషరేఖలను గురించి వివరంగా మాట్లాడుతుంది. పదాఱువన్నె బంగారమన్న మాట ఈ గీతలను చదివినవారి నోట పుట్టినదే. ఒరగల్లుకే గీటురాయి అని మరొక పేరు. ఆ పేరు రాతిని దాటి, దేనికైనా ప్రమాణమని అర్థం పొందింది. బంగారాన్ని ఒరసి, కోసి, కాల్చి, కొట్టి పరీక్షించినట్లు మనిషిని త్యాగం, శీలం, గుణం, కర్మలచేత పరీక్షించాలని చాణక్యనీతి.

గీటురాయి నేర్పే పాఠం మరొకటి ఉన్నది. దానికి కావలసినది ఒక్క గీటు మాత్రమే. నగనంతటినీ అరగదీసి వన్నె తేల్చే స్వర్ణకారుడు ఎక్కడా లేడు. పరీక్షలు పెట్టేవారు దీనిని మనసున పెట్టుకొనాలి. పిల్లవాని బాల్యాన్నంతటినీ రాతికి రాచి, చివర చేతికి మిగిలిన పొడిని చూపి ఇంత వన్నె అని చెప్పడం పరీక్ష అనిపించుకొనదు.

సానబట్టిన మణిని గురించి భర్తృహరి చెప్పిన భావం కూడా ఇక్కడ స్మరణీయం. సానమీద అరిగిన మణి, దానాలవల్ల సంపద తరిగిన దాత తరుగుదలవల్లనే శోభిస్తారని ఆయన అభిప్రాయం. ఏనుగు లక్ష్మణకవి, ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన ఆ సుభాషితాలను తెలుగు చేసి ఇంటింటికీ అందించారు. ఐతే సానకు ఓర్చేది మణి. అదే సానమీద సుద్దముక్కను పెడితే మిగిలేది పొడి. సానబట్టేవాడు మొదట చేతిలోని వస్తువేమిటో తెలుసుకొనాలి.

తెలుసుకొననినాడు జరిగేదానిని కూడా పూర్వులు దాచలేదు. వెదురుపొదలో వెదుళ్ళు ఒకదానితో ఒకటి ఒరసుకొని పుట్టిన మంట ఆ పొదనే కాల్చివేస్తుంది. యాదవుల అంతఃకలహాన్ని భాగవతం ఈ వెదురుమంటతోనే పోల్చింది. ఆ యాదవుల కథలోనే రాపిడికి సంబంధించిన మరొక హెచ్చరిక ఉన్నది. సాంబునికి స్త్రీవేషం వేసి ఋషులను పరిహసించిన ఫలితంగా ముసలం పుట్టింది. దానిని అరగదీసి పొడి చేసి సముద్రంలో కలిపితే ఆపద తీరిందనుకొన్నారు. ఆ పొడి ఒడ్డుకు చేరి తుంగగా మొలిచింది. ఆ తుంగతోనే ఒకరినొకరు కొట్టుకొని చచ్చారు. అరగక మిగిలిన ముక్క వేటకాని బాణపు ములికియై కృష్ణుని పాదానికి తగిలింది. నేటికీ ఒక కుటుంబంలో గొడవ మొదలైతే 'ముసలం పుట్టింది' అంటారు. తప్పును ఒప్పుకొనక పొడి చేసి దాచినంతమాత్రాన అది నశించదు. వేయి పరకలై మొలుస్తుంది.

ఈ రెండు తెరగుల రాపిడినీ ఎదురెదురుగా నిలిపి చూచే స్థలం పాఠశాల. వోపదేవుని కథ విద్యార్థులకు చెప్పదగినది. అతడు బాల్యంలో మందబుద్ధియై, చదువు అబ్బదని నిరాశతో గురుకులం విడిచి పోతూ ఒక బావి వద్ద ఆగాడట. నీళ్ళకు వచ్చిన స్త్రీలు కుండలు దించే రాతిపై గుంటలు పడి ఉండడం చూచాడు. మట్టికుండ రాతిని అరగదీయగలిగినప్పుడు అభ్యాసం తన బుద్ధిని అరగదీయలేదా అని వెనుదిరిగాడు. తరువాత ముగ్ధబోధమనే ప్రసిద్ధ వ్యాకరణాన్ని రచించాడు. కథలోని కుండ రాతిని కొట్టలేదు. ప్రతిదినం మెల్లగా వచ్చి కూర్చున్నది, అంతే.

కాని వీధిబడులలో ఈ నిదానం అందరికీ ఉండేది కాదు. ఇసుకలో వ్రేలు అరిగేటట్లు అక్షరాలు దిద్దించడంతో తృప్తిపడక, కోదండం, గోడకుర్చీ, తొడపాశం వంటి శిక్షలను చదువులో భాగం చేశారు. పిల్లవానిని రాచిరంపాన పెడితే విద్య బయటికి వస్తుందని నమ్మారు. 2009లో పార్లమెంటు చేసి, 2010 ఏప్రిల్ 1నుండి అమలు జరిపిన విద్యాహక్కు చట్టం, తన 17వ సెక్షనులో, పిల్లలను శారీరకంగా దండించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం చేతిలోని బెత్తాన్ని తీసివేయగలిగింది. బెత్తం పోయినచోట ఏమి ఉండాలో చెప్పవలసినది సంప్రదాయజ్ఞానం. అది చెప్పింది కూడా.

భాగవతం ఏకాదశస్కంధంలో కృష్ణుడు ఉద్ధవునికి ఉపదేశిస్తూ, ఆచార్యుడు క్రింది అరణి, శిష్యుడు పై అరణి, ప్రవచనం ఆ రెండింటినీ కలిపే మథనదండం, విద్య ఆ కలయికలో పుట్టే సుఖకరమైన అగ్ని అన్నాడు. గురువును క్రింద ఉంచి శిష్యుని పైన ఉంచిన ఈ ఉపమానం ఎంతో ఆలోచించి చేసినది. మథనంలో కదలక నిలిచి ఒత్తిడిని భరించేది క్రింది అరణి. గుంటలు పడేది దానికే, నల్లబడేది అదే. పై కొయ్య చుఱుకుగా తిరుగుతుంది; అది తిరగడానికి చోటిచ్చేది క్రింది కొయ్య. రెండింటిలో ఏది పచ్చిదైనా నిప్పు పుట్టదు, పొగ కూడా సరిగా రాదు. చదువు ఆగిపోయిన ఉపాధ్యాయుడు, మనసు పెట్టని విద్యార్థి ఎంత సేపు ఎదురెదురుగా కూర్చున్నా అంతే. ఎండిన కొయ్యలైనా త్రాటిని ఒకరే లాగితే చాలదు. లాగేవారికీ, అదిమేవారికీ లయ కలవాలి.

నిప్పు పుట్టిన తరువాత చేయవలసిన పని మరొకటి మిగిలి ఉన్నది. అరణి అంచున రాలిన నలుసు ఆవగింజంత ఉంటుంది. గట్టిగా ఊదితే ఆరిపోతుంది. ఊదక వదలినా ఆరిపోతుంది. మథించినవారు దానిని ఎండిన పీచుమీదికి పదిలంగా తీసుకొని, రెండు అరచేతుల మధ్య దాచి, మెల్లమెల్లగా ఊదుతూ, పుల్లను అందించి, ఆపైన సమిధను అందించి పెంచుతారు. తరగతిలో ఒక పిల్లవాడు మొదటిసారిగా తనంతట తాను ఒక ప్రశ్న అడిగినప్పుడు ఆ ఉపాధ్యాయుని ముందున్నది ఆ నలుసే.